ఒకటి పక్కన సున్నా

ఇంటి తాళం వేశావా అని మా ఆయన అడిగేసరికి మేం సముద్రం మీద ఉన్నాం.

వేశానన్నాను. గ్యాస్ కట్టేశావా అన్నాడు. కట్టేశాను. బాల్కనీ తలుపు? అదీ వేశాను. ఒకవేళ వేయలేదంటే ఏం చేసేవాడో, విమానాన్ని వెనక్కి తిప్పమనేవాడో ఏమో. ఆయన ఈ ప్రశ్నలు అడిగేది జవాబు కోసం కాదు, ఇంటి గురించి తనకీ పట్టింపు ఉందని తనకి తాను చెప్పుకోవడానికి. అడగడం అయిపోయాక కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయే మనిషికి కిటికీ సీటెందుకని నేను అడగలేదు. తల ఆనించడానికి ఏదో ఒకటి ఉండాలట. నడవా పక్క సీటు అత్తయ్యది, మోకాళ్ళు చాచుకోవాలి, మాటిమాటికీ బాత్రూంకి లేవాలి. మధ్యది నాది. అటూ ఇటూ ఉన్న రెండు చేతిపట్టెల మీద వాళ్ళిద్దరి మోచేతులూ ఉన్నాయి కాబట్టి నా చేతులు నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. పదహారేళ్ళ మా అమ్మాయి నడవాకి అటుపక్క కూర్చుంది. చిన్నప్పటి నుంచీ దాన్ని పిచ్చుక అంటాం. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మేమెవరమో తెలియనట్టు సినిమా చూస్తోంది.

పద్నాలుగు గంటల ప్రయాణం. బయట పట్టపగలు. అయినా విమానంవాళ్ళు కిటికీలన్నీ మూయించి దీపాలార్పేశారు, జనం నిద్రపోతే వాళ్ళకి పని తక్కువ కదా. నా కాళ్ళ సందులో నా సంచి. అందులో నాలుగు పాస్‌పోర్టులు, తిరుగు టికెట్లు, హోటల్ కాగితాలు, అత్తయ్య బీపీ మాత్రలు, ఆయన తలనొప్పి మాత్రలు, పిచ్చుక కళ్ళద్దాల పెట్టె, వాంతి వస్తుందేమోనని కవర్లు. మా ఇంట్లో కాగితమన్నది నా శాఖ. స్కూలు ఫారాలు, బ్యాంకు ఫారాలు, ఆస్పత్రి ఫారాలు అన్నీ నేనే నింపుతాను. నింపి ఆయన ముందు పెడితే "ఎక్కడ?" అంటాడు. నేను వేలు పెట్టిన చోట సంతకం చేస్తాడు. ఏమి రాసి ఉందో చదవడు. ఎప్పుడైనా నా ఆస్తిపాస్తులన్నీ పక్కింటివాళ్ళకి రాసిస్తున్నానని రాసి పెట్టినా సంతకం చేసేవాడే, కాకపోతే రాసివ్వడానికి ఆస్తిపాస్తులు లేవు.

నిజానికి ఈ ప్రయాణం నా కల. ఆ మాట అందరూ ఒప్పుకుంటారు. అందుకే ఇక్కడ నేను దేని గురించీ నోరెత్తడానికి లేదు. పెళ్ళైన కొత్తలో పాత క్యాలెండర్లోంచి ఒక బొమ్మ కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్నాను. లేత నీలం నీళ్ళు, నీళ్ళలోకి సాగిపోయే చెక్క వంతెన, దాని చివర ఒక కుర్చీ. ఒకే కుర్చీ. అప్పుడు ఆ సంగతి గమనించలేదు, ఇద్దరం వెళ్తామనే అనుకున్నాను. ఎప్పటికైనా అక్కడికి వెళ్దామండీ అంటే చూద్దాం అన్నాడు. పిచ్చుక పుట్టాక చూద్దాం, స్కూల్లో వేశాక చూద్దాం, ఇల్లు కొన్నాక చూద్దాం. పందొమ్మిదేళ్ళపాటు చూశాం. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఈయన అడిగినన్నాళ్ళూ పెట్టక, అడగడం మానేశాక పెట్టాడు. నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. పిచ్చిదానికి మల్లే సంతోషం వచ్చింది.

నేను ఊరికి తాగే నీళ్ళు పరీక్ష చేసే లేబొరేటరీలో పని చేస్తాను. రోజూ ఉదయం నలభై చోట్ల నుంచి నలభై సీసాలు వస్తాయి. ఏ సీసా ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు తెచ్చారో, తెచ్చినవాళ్ళే స్వయంగా రిజిస్టర్లో సంతకం చేయాలి. ఒకరి బదులు ఇంకొకరు చేస్తే ఆ సీసా పారబోస్తాం. ఆ నలభై సీసాలనీ పరీక్షించి రిపోర్టు రాయడం పద్దెనిమిదేళ్ళుగా నా పని. కింద సంతకం మాత్రం మా పెద్దసారుది. ఆయనా "ఎక్కడమ్మా?" అనే అడుగుతారు. పొద్దున్న ఇంట్లో ఒకరికి, పగలు ఆఫీసులో ఒకరికి సంతకం చోటు చూపించడమే నా వృత్తేమోనని ఒక్కోసారి నవ్వొచ్చేది.

పెద్దసారు ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. మూడు వారాల కిందట మా డైరెక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి, ఆ కుర్చీ ఇక నీదే అంది. నెలాఖరు వారంలో గురువారం ఆర్డరు వస్తుంది, పెద్దసారు దిగిపోగానే చేరొచ్చంది. నేను బయటికొచ్చి సీసాలు కడిగే సింకు దగ్గర నిలబడి కొళాయి తిప్పి, ఎవరికీ వినబడకుండా ఏడ్చాను. సంతోషంతోనే. ఇంటికెళ్ళి చెబితే మా ఆయన గ్లాసెడు నీళ్ళు తాగాక మంచిదే అన్నాడు. ఉదయం ఏడింటికల్లా వెళ్ళాలి, నెలకి రెండు ఆదివారాలు రిజర్వాయర్లు చూసి రావాలని కూడా చెప్పాను. మరి ఇల్లో అన్నాడు. ఇల్లెక్కడికీ పోదండీ అన్నాను. ఆయన నవ్వలేదు. సరిగ్గా మూడో రోజు చేతిలో నాలుగు టికెట్లు పెట్టాడు.

భోజనాల ట్రేలు వచ్చాయి. ఆయన్ని లేపాను. అత్తయ్యకి మూతలు విప్పి ఇచ్చాను, వెన్న రాసి ఇచ్చాను, మాత్ర చేతిలో పెట్టాను. ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు దీపం వెలుతురుకి ఎత్తి చూశాను, అదొక అలవాటు. పెద్దసారు నాకు నేర్పిన మొదటి పాఠం, తేటగా ఉన్న నీళ్ళనే ముందు అనుమానించమని. మురికినీళ్ళ సంగతి తాగేవాడికే తెలిసిపోతుంది, దానికి మనమెందుకు అనేవారు.

అత్తయ్య తింటూ తింటూ నా చెయ్యి నిమిరారు. ఆవిడ ఊరికే చేతులు నిమిరే మనిషి కారు.

"మంచి పని చేశావమ్మాయ్. ఆ పెద్ద ఉద్యోగం వద్దని రాసిచ్చేశావట కదా. వాడు చెప్పాడు. నీకంటూ ఒక ముచ్చట ఉంటే వాడు తీర్చకపోతాడా, చూడు, ఎంత దూరం తీసుకెళ్తున్నాడో."

ఎవరు రాసిచ్చారత్తయ్యా అన్నాను. నువ్వేగా అన్నారావిడ. అంటూనే నా ముఖం చూసి, చేతిలో ఉన్న రొట్టెముక్క ట్రేలో పెట్టేశారు.

నేను లేచి నిలబడాలనుకున్నాను. ఎక్కడికి లేస్తాను? నా ముందు ట్రే, ఇటు అత్తయ్య ట్రే, అటు ఆయన ట్రే, నడుముకి బెల్టు. ఆ బెల్టు విప్పొద్దని పైన లైటు వెలుగుతోంది. పారేయడానికి చోటు లేక అన్నం గిన్నె చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. అత్తయ్య, నాకెవరూ ఏమీ చెప్పలేదమ్మా, నీకు తెలుసనే అనుకున్నాను అని రెండుసార్లు అన్నారు. ఆవిడ అబద్ధమాడడం లేదు.

ఆయన వైపు తిరిగాను. మా ఆఫీసుకి ఏం రాశారని అడిగాను.

ఆయన నమలడం ఆపలేదు. ఇప్పుడెందుకవన్నీ, సెలవుకి వెళ్తున్నాం, హాయిగా తిను అన్నాడు. మళ్ళీ అడిగాను. నెమ్మదిగా మాట్లాడు, అందరూ వింటున్నారన్నాడు. ముందు సీట్లో ముసలాయన గురక పెడుతున్నాడు, వెనక సీట్లో పసిపిల్ల ఏడుస్తోంది, మమ్మల్ని వినే తీరిక ఎవరికుందని! మూడోసారి అడిగాక చెప్పాడు.

"నువ్వెలాగూ వద్దనలేవు. వాళ్ళు మొహమాటపెడితే ఒప్పేసుకుంటావు, ఆ తర్వాత చేయలేక నువ్వే ఏడుస్తావు. అందుకే నీ బదులు నేను వద్దనేశాను. నీ మంచికే కదా."

"నా ఫోన్లోంచా?"

"పిచ్చుక పంపింది. నాకా టైపింగులవీ రావుగా."

తలుపు గొళ్ళెం నుంచి గ్యాస్ దాకా అన్నీ నన్ను అడిగే మనిషి, ఈ ఒక్కటీ నన్ను అడగలేదు.

ట్రేలు తీసుకెళ్ళేదాకా ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ నేను ఆ రెండు మోచేతుల మధ్యే ఉన్నాను. ఆయన నిద్రపోయాడు కూడా. బెల్టు లైటు ఆరగానే అత్తయ్య మోకాళ్ళ మీదుగా దాటి పిచ్చుక దగ్గరికి వెళ్ళి, హెడ్‌ఫోను ఒక చెవి నుంచి తీసి అడిగాను. నువ్వు సర్దుకోవడంలో ఉన్నావు, నువ్వే పంపమన్నావని నాన్న చెప్పాడంది. అంది గానీ దాని ముఖం పాలిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. మొన్న సాయంత్రం నేను సూట్‌కేసులు తూకం వేస్తుంటే ఇది వచ్చి ఏమీ మాట్లాడకుండా వెనక నుంచి నన్ను వాటేసుకుంది. తప్పుకోవే, అంకె కనబడటం లేదని విసుక్కున్నాను. పాపం, అమ్మ వదులుకుందని దానికి బాధేసింది. దాని తల నిమిరి వచ్చేశాను.

బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. పద్నాలుగు గంటల్లో లోపలి నుంచి నేను గడియ పెట్టుకోగల గది అదొక్కటే. రెండడుగుల గది. ఆయన చేసినదానికన్నా, ఆయన అన్న మాట ఎక్కువ మండిస్తోంది, నీ బదులు నేను అన్న మాట. ఒకరి బదులు ఇంకొకరు సంతకం చేసిన సీసాలు నేను పద్దెనిమిదేళ్ళుగా పారబోస్తున్నాను. అద్దంలో చూసుకుంటూ వేళ్ళు మడిచి లెక్కేశాను. మా ఆఫీసులో ఒకసారి రాసి వద్దన్నదాన్ని ఫోన్లోనో మెయిల్లోనో మళ్ళీ కావాలంటే కుదరదు. ఆర్డరు వెలువడేలోపు మనిషి స్వయంగా వెళ్ళి సంతకం చేసి వెనక్కి తీసుకోవాలి. పోయినేడు మా స్టోరు చూసేవాడు అలాగే తీసుకున్నాడు, ఆ ఫారం నింపిపెట్టింది కూడా నేనే. ఇవాళ సోమవారం. దిగేసరికి మంగళవారం పొద్దున. తిరుగు విమానం సాయంత్రం ఉంది, ఈ కంపెనీ వేళలన్నీ నాకు నోటికొచ్చు, ఆయన తెచ్చిన టికెట్లు సరిచూసింది నేనే కాబట్టి. బుధవారం రాత్రికి ఇల్లు. గురువారం ఉదయం పదింటికి డైరెక్టరమ్మ గది. సరిపోతుంది. ఎవరో తలుపు కొట్టారు. ముఖం కడుక్కుని, నా తర్వాత వచ్చేవాళ్ళ కోసం సింకు తుడిచి, తుడిచినందుకు నన్ను నేనే తిట్టుకుని బయటికొచ్చాను.

మిగిలిన గంటలు ఎలా గడిచాయో చెప్పను. గడవలేదు. తెర మీద చిన్న విమానం బొమ్మ నీలం మీద చీమంత వేగంతో పాకుతూ ఉంది. ప్రతి గంటా నేను వెళ్ళాల్సిన చోటికి ఇంకో గంట దూరం జరుగుతున్నాను. ఒకసారి ఆయన నిద్రలోనే నా భుజం మీద తల వాల్చాడు. పందొమ్మిదేళ్ళ అలవాటుకొద్దీ నా భుజం దానంతటదే కాస్త పైకి లేచింది, ఆయన మెడ పట్టేస్తుందని. దాన్ని కిందికి దించడానికి నాకు చాలాసేపు పట్టింది.

చివరికి దీపాలు వెలిగాయి, కిటికీలు తెరిచారు. ఆయన భుజం మీదుగా కింద లేత నీలం కనిపించింది. అచ్చం బీరువా తలుపు లోపలి నీలమే. అబద్ధమెందుకు, చాలా అందంగా ఉంది. ఇంతలో పరాయి దేశంలో దిగేవాళ్ళు నింపాల్సిన కార్డులు పంచుతూ వచ్చింది విమానం పిల్ల. నాలుగు కార్డులూ మామూలుగా నా చేతికే వచ్చాయి. పెన్ను తీశాను. పేరు, పాస్‌పోర్టు నంబరు, హోటలు, ఎన్ని రోజులుంటారు. అత్తయ్యకి పది, పిచ్చుకకి పది, ఆయనకి పది. వృత్తి అన్నచోట నాకెప్పుడూ గృహిణి అనే రాయిస్తాడు ఆయన, ఎవరూ లేనిపోని ప్రశ్నలు వేయరట. ఈసారి నీటి పరీక్షాధికారి అని రాశాను. ఇంకా కాలేదు, అయినా రాశాను. ఎన్ని రోజులుంటారు అన్నచోట ఒకటి వేశాను.

నేను పైనున్న సామాన్లు తీసుకోవడానికి లేవబోతే, ఎప్పుడూ మళ్ళీనా అని మూలిగే అత్తయ్య మోకాళ్ళు పట్టుకుంటూ తనే లేచి నిలబడి నాకు దారిచ్చారు. నా చేతిలోని కార్డు ఆవిడ చూశారు.

ఆయన సంతకానికి చెయ్యి చాచాడు. ఎక్కడ అన్నాడు. ఈసారి నేను వేలు పెట్టలేదు, చదివి చూసుకోండి అన్నాను. విసుగ్గా నాలుగు కార్డులూ తిరగేశాడు. నాది దగ్గరికి పెట్టుకుని చూశాడు.

"ఒకటి పక్కన సున్నా మర్చిపోయావు," అన్నాడు.

మర్చిపోలేదన్నాను. పెన్ను మూత పెట్టి, నా సంచిలోంచి మూడు పాస్‌పోర్టులూ, మూడు తిరుగు టికెట్లూ, అత్తయ్య మాత్రలూ, హోటల్ కాగితాలూ తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.