తలుపు మీద మేక

ప్రతి డిసెంబరులోనూ రాజధాని సోఫియాలోని వారపత్రిక ఒకటి రచయితలందరికీ ఫోన్లు చేస్తుంది. ఈ ఏడాది చదివినవాటిలో మీకు బాగా నచ్చిన పుస్తకాలేమిటని అడుగుతుంది. రూసె పట్టణంలో డాన్యూబ్ ఒడ్డున ఉండే నవలా రచయిత్రి స్విలేనాకు ఆ ఫోను వచ్చిందంటే పండగే. తన నవలలు ఎలా అమ్ముడుపోతున్నాయని ఎవరూ అడగరు గానీ, తను ఏం చదువుతోందో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారని ఆమెకు అదొక ధీమా.

ఈసారి అన్నిటికన్నా పైన ఆమె బోయన్ కర్జిలోవ్ నవల ‘ఉప్పు మడులు’ పెట్టింది. అందులోనూ ఒక ఘట్టం గురించే ఎక్కువ రాసింది. నది పొంగుతుంది. కథానాయిక నేదా ఇంటి తలుపును ఊడబెరికి, దాని మీద మేకను ఎక్కించి, మెడలోతు నీళ్లలో తోసుకుంటూ గట్టు చేరుతుంది. నీళ్లు తీశాక చూస్తే ఇల్లు లేదు, తలుపు ఒక్కటే మిగిలింది. దాన్ని కొండవాలున నిలబెట్టి, తెరుచుకుని లోపలికి వెళ్తుంది. “నదిని ఇంతగా ఎరిగిన రచయిత మనకు ఇంకొకరు లేరు” అని ముగించింది స్విలేనా.

పత్రిక వచ్చిన కొన్నాళ్లకు బోయనే ఫోన్ చేశాడు.

“స్విలేనా గారూ, మీరు రాసింది చూశాను. చాలా సంతోషమండీ. కానీ...”

“చెప్పండి, మొహమాటమెందుకు?”

“నా పుస్తకంలో మేక లేదండీ.”

స్విలేనా నవ్వింది. అవతలి మనిషి నవ్వలేదు.

“వరద కూడా లేదు. నేదా రెండో అధ్యాయం చివర్న జ్వరంతో చచ్చిపోతుంది కదా. మిగతాదంతా ఆమె మొగుడి కథ. ఇంకెవరిదైనా పుస్తకం అనుకుని నా పేరు రాశారేమో అని...”

ఆమె ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేసి, అలమరలోంచి పుస్తకం తీసింది. అట్ట అదే. మొదటి పేజీలు కూడా అవే, ఉప్పు మడుల్లో పని, నేదా పెళ్లి, అత్తగారి సాధింపు. రెండో అధ్యాయం చివర నేదా నిజంగానే చచ్చిపోయింది. ఆ తర్వాత వందల పేజీల్లో ఆమె భర్త ఒంటరిగా తిరుగుతూనే ఉన్నాడు. ఆ పేజీల్లో ఒక్క వాక్యమైనా ఎన్నడూ చెవిన పడ్డట్టు లేదు.

నిజానికి ఆ నవల ఆమె చదివింది కాదు, విన్నది. మార్చిలో కంట్లో రెటీనా ఊడితే ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత వారాల తరబడి బోర్లా పడుకోవాలి, అక్షరం ముట్టుకోకూడదు. అప్పుడు భర్త అక్కగారు త్సోంకా రోజూ వచ్చి చదివి వినిపించింది. త్సోంకా ఉద్యోగమంతా రూసె స్టేషన్‌లో రైళ్ల రాకపోకలు మైకులో చెప్పడమే. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదవడం ఆమెకు ఊపిరి. అందుకే వదిన మీద అనుమానమే రాలేదు స్విలేనాకు, తన మీదే వచ్చింది.

“మత్తుమందు పనేమో. ఆపరేషన్ అయినరోజు నన్ను పట్టుకుని ‘సిస్టర్, కిటికీ మూయండి’ అన్నావు” అన్నాడు భర్త అస్పారూహ్.

“అది ఒక్కపూట! ఈ మేక చెవులు ఎలా ఉంటాయో కూడా నాకు తెలుసు.”

“ఎలా ఉంటాయేం?”

“ఒకటి చిరిగి ఉంటుంది.”

అస్పారూహ్ ఆమె వంక కాస్త భయంగా చూసి, మనసు కుదుటపడుతుందని లిండెన్ పూల టీ కలిపి ఇచ్చాడు.

ఆ ఏడాది చదివిన మిగతా పుస్తకాలన్నీ దించి సరిచూసుకుంది. అవన్నీ తను పత్రికకు రాసినట్టే ఉన్నాయి. త్సోంకా చదివిన ఇంకో రెండూ అక్షరం తేడా లేవు. అన్నీ తప్పయితే మతి పోయిందనుకుని ఊరుకునేది. ఒక్కటే తప్పవడంతో ఏమనుకోవాలో తోచలేదు. ఇంతలో పుస్తకాల షాపు వేల్కో దారిలో ఆపేశాడు. “అమ్మా, మేక ఎన్నో పేజీలో ఉందో కాస్త చెప్పండి. కొన్నవాళ్లు తిరిగి తెచ్చి నా మొహాన కొడుతున్నారు.”

చివరికి క్రిస్మస్ ముందురోజు వదినగారింటికి వెళ్లింది. త్సోంకా పులిసిన క్యాబేజీ ఆకుల్లో బియ్యమూ అక్రోటు పలుకులూ చుడుతోంది.

“వదినా, ‘ఉప్పు మడులు’ నాకు పూర్తిగా చదివావా?”

“చదవక? గొంతు పోయింది నాకు.”

“నేదా చచ్చిపోయిందని నాకెందుకు చెప్పలేదు?”

త్సోంకా చేతిలో ఆకు చిరిగింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది.

“నువ్వు దిండులో మొహం పెట్టి పడున్నావు అమ్మాయ్. కన్ను ఉంటుందో పోతుందో డాక్టరుకే తెలీదు. ‘నేదాకు తగ్గిందా వదినా’ అని అడిగావు. నేనేమో పేజీ తిప్పేసరికి శవం. నోరు రాలేదు. తగ్గిందన్నాను. ఒకసారి తగ్గిందన్నాక మరి మర్నాడు లేచి ఏదో ఒకటి చెయ్యాలి కదా ఆ పిల్ల!”

“అంటే అన్నాళ్లూ నువ్వే అల్లావా?”

“అల్లడమేమిటి! చదివాను. పేజీలు తిప్పుకుంటూనే చదివాను.”

“మరి మేక?”

“వచ్చింది.”

“ఎక్కడినుంచి?”

“నాకేం తెలుసు? నీకు తెలుస్తుందా, నువ్వు రాసేటప్పుడు?”

స్విలేనా కోపం తెచ్చుకుందామనుకుంది, రాలేదు. అక్కడే కూర్చుని ఆకులు చుట్టడం మొదలుపెట్టింది. ఇంతలో బోయన్ నుంచి మళ్లీ ఫోను. ఏమైనా తేలిందా అని. దాచేదేముందని ఉన్నదంతా చెప్పేసింది. అతను అంతా విన్నాడు.

“ఆవిడకోసారి ఇస్తారా?”

త్సోంకా చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. “ఏం బాబూ, ఎందుకు చంపావు ఆ పిల్లని? ఏం పాపం చేసిందని?”

“కథకి అవసరమైందండీ.”

“ఎవరికి అవసరం? నీకా, ఆ పిల్లకా?”

అతను నసిగాడు. తర్వాత చిన్న గొంతుతో, “నాకూ ఒకసారి వినిపిస్తారా, ఆ వరద?” అన్నాడు.

“పుస్తకం లేకుండా నాకేం వస్తుంది? అమ్మాయ్, తెచ్చావా?”

స్విలేనా సంచిలోంచి తీసి ఇచ్చింది. త్సోంకా ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచి, కళ్లద్దాలు పెట్టుకుని, ఎక్కడో మధ్యలో తెరిచి, స్టేషన్ గొంతుతో మొదలెట్టింది. నీళ్లు పెరిగాయి. తలుపు ఊడింది. చిరిగిన చెవి మేక దాని మీద నిలబడి వణికింది. స్విలేనా కళ్లు మూసుకుంది. అంతా మార్చిలో విన్నట్టే ఉంది. గట్టు దగ్గరపడేసరికి నేదా పట్టు జారి తలుపు వదిలేసింది. మేక ఒక్కటే అవతలి గట్టుకు, రుమేనియా వైపు కొట్టుకుపోయింది. నేదా బురదలో కూలబడి దాన్ని చూస్తూ ఉండిపోయింది.

“అది కాదు వదినా!” స్విలేనా లేచి నిలబడింది. “తలుపు ఆమె దగ్గరే ఉంది. కొండవాలున నిలబెట్టి లోపలికి వెళ్లింది.”

త్సోంకా అద్దాల పైనుంచి చూసింది. “నేనెప్పుడన్నాను ఆ మాట? తలుపు ఏట్లో పోయింది. అప్పుడూ ఇంతే చదివాను. నువ్వు నిద్రపోయినట్టున్నావు.”

“స్విలేనా గారూ, కొండవాలున పెట్టింది మీరేనా అయితే?” ఫోన్‌లోంచి బోయన్ అడుగుతున్నాడు.

అవునని చెప్పడానికీ, కాదని చెప్పడానికీ ఆమెకు ధైర్యం చాలలేదు.

పండగ వెళ్లాక పత్రికకు సవరణ పంపింది. నచ్చిన పుస్తకాల్లో మొదటిది రెండో అధ్యాయం దాకా బోయన్ కర్జిలోవ్‌దనీ, ఆ తర్వాత ఎవరిదో తనకు తెలియదనీ రాసింది. సంపాదకుడు ఫోన్ చేసి, ఎవరో ఒకరి పేరు వేయకపోతే ఎలా అన్నాడు. త్సోంకా తన పేరు వేస్తే ఇక గడప తొక్కనంది. చివరికి పేరు లేకుండానే అచ్చయింది. వేల్కో దగ్గరికి ఇప్పుడు ఆ రెండు అధ్యాయాలే చాలంటూ వచ్చేవాళ్లు బయల్దేరారట.

ఒక మంచుకురిసే మధ్యాహ్నం స్విలేనా ‘ఉప్పు మడులు’ మూడో అధ్యాయం నుంచి తన కళ్లతో చదవడం మొదలుపెట్టింది. నేదా భర్త చలిలో ఆమె కోటు తొడుక్కుని మడుల్లోకి వెళ్తాడు. కోటు చేతులు పొట్టి. ఎవరూ నవ్వరు. చదువుతూ చదువుతూ ఆమె చీకటి పడేదాకా కదల్లేదు.

అస్పారూహ్ దీపం వేసి, “ఎలా ఉంది?” అన్నాడు.

“చాలా బాగుంది.” ముక్కు తుడుచుకుంది. “ఇంత బాగుంటుందనుకోలేదు. కానీ ఇతనెందుకింత ఏడుస్తున్నాడో నాకు అర్థం కావడంలేదు.”

“పెళ్లాం పోయింది కదే.”

“పోలేదు” అంది స్విలేనా. అని, తను అన్నది తనకే వినపడి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.