గొంతు లేని మాదిరి పాఠం

సాహిత్యాన్ని విద్యార్థుల హృదయాలలో ప్రతిష్ఠించే మహత్కార్యంలో అందరికంటే ముందు అరిగిపోయేది బోధకుల గొంతు. పక్క గదిలో ఎక్కాల ఘోష, కిటికీ అవతల లారీల హారన్లు, వెనక బెంచీలో ఎన్నటికీ ఆగని గుసగుసలు. వీటన్నింటినీ జయించి ఉపమాలంకారాన్ని చివరి గోడ దాకా చేర్చే దండయాత్రలో తొమ్మిదో తరగతి భాషా టీచరు ఇరవయ్యేళ్లకు పైగా గడిపింది. ఫలితంగా ఆమె స్వరం తుప్పుపట్టిన గేటుతో పోటీకి దిగింది. గొంతు డాక్టరు లోపలికి అద్దం పెట్టి చూసి, ఇక అరిస్తే ఉన్న కాస్తా ఊడుతుందని తేల్చేశాడు.

అరవకుండా జీతం తీసుకునే దారి ఒక్కటే కనిపించింది: పాఠ్యపుస్తకాల ఆఫీసులో ప్రూఫులు దిద్దే కుర్చీ. ప్రూఫులు ఎదురు చెప్పవు, మంచినీళ్లకు వెళ్తామని చేతులెత్తవు. అయితే ఆ సింహాసనానికి ఒక నిబంధన ఉంది. విద్యాధికారి ఎదుట మాదిరి పాఠం చెప్పి మెప్పించాలి. తరగతిలో అద్భుతంగా చెప్పగలరని రుజువైనవారికే తరగతి నుంచి విముక్తి. ఈత బాగా వచ్చినవాణ్ణి వెతికి వెతికి ఒడ్డున కూర్చోబెట్టే ఈ విధానాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో చరిత్రకు తెలియదు.

ఎంచుకున్న పద్యం చిన్నది.

అంగడి మూసి ఏళ్లయింది.
మెట్టు మీద ముసలి కుక్క
వీపు తలుపుకు ఆనించి
వీధి కేసి చూస్తోంది.

గొంతు ఎక్కువసేపు నిలవదు కనుక టీచరు మాటల భారమంతా పిల్లలకు ముందే పంచేసింది. మొదటి బెంచీలోని పొడుగబ్బాయి ‘విశ్వాసానికి ప్రతీక’ అనాలి. కిటికీ పక్క పిల్ల ‘ఎంత కరుణ!’ అని నిట్టూర్చాలి. మరో ఇద్దరికి ఆశ్చర్యపడే బాధ్యత దక్కింది. అన్నిటికీ అడ్డం తిరుగుతుందని తరగతి అంతా ‘లాయరు’ అని పిలిచే పిల్లకు మాత్రం ఏమీ రాలేదు.

“నేనేం అనాలి మేడమ్?”

“నువ్వేం అనకూడదు.”

“ఏం అనకుండా పీరియడంతానా? ఊపిరి పీల్చుకోవచ్చా?”

“మెల్లిగా పీల్చుకో. ఇది సవ్యంగా జరిగితే ఆ ఆఫీసు కుర్చీ వస్తుందమ్మా. నా గొంతుకి విశ్రాంతి దొరుకుతుంది.”

“మీ కోసం కాబట్టి సరే,” అంది లాయరు, చేయని తప్పు ఒప్పుకున్నంత గంభీరంగా.

మాదిరి పాఠం రోజు పొద్దున ఇంట్లో, గడియారాలు బాగుచేసే భర్త ఉప్పునీళ్ల గ్లాసు అందించాడు.

“పుక్కిలించు. నీ గొంతు పోతే ఇంట్లో నా మాట చెల్లుతుందని ఆశపడ్డాను. చూస్తే కళ్లతోనే తిడుతున్నావు.”

“ఆ కుర్చీ రానివ్వండి, అప్పుడు తీరిగ్గా తిడతాను,” అంది ఆమె గుసగుసగా.

“రాకపోతే?”

జవాబుగా ఆమె పుక్కిలించింది.

విద్యాధికారి వచ్చి, పిల్లల కొలతలకు చేసిన చివరి బెంచీలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఆసీనుడయ్యాడు. టీచరు చిరునవ్వుతో నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్లీ తెరిచింది. మళ్లీ గాలే.

పెదవులు కదలడం చూసి ప్రశ్న పడిందనుకున్న పొడుగబ్బాయి ఠకీమని లేచాడు. “విశ్వాసానికి ప్రతీకండీ!” ఆ వెంటనే కిటికీ పక్క పిల్ల నిట్టూర్చింది. ఆశ్చర్యపడవలసినవాళ్లు ఒకరితో ఒకరు పోటీపడి ఆశ్చర్యపోయారు. ప్రశ్నలు లేకుండానే జవాబులన్నీ ఇలా అయిపోయాయి. వారం రోజుల వ్యూహరచన రెండు నిమిషాల్లో ఖర్చయింది. పీరియడు మాత్రం బోలెడు మిగిలింది.

లాయరు పెదవి కొరుక్కుంది, గోడ కేసి చూసింది, చివరికి తట్టుకోలేకపోయింది.

“విశ్వాసమా నీ మొహమా! అది తలుపు కేసి చూడట్లేదురా. వీధి కేసి చూస్తోంది.”

కుర్చీ చేజారుతున్న చప్పుడు టీచరుకు స్పష్టంగా వినిపించింది. బోర్డు మీద ‘కూర్చో’ అని రాద్దామని సుద్దముక్క అందుకుంది. కానీ ఇరవయ్యేళ్ల అలవాటు చేతిలో ఉంది. ఆ చేయి యజమానురాలి క్షేమం చూడకుండా, ‘ఎక్కడుంది?’ అని రాసి ఊరుకుంది.

“నాలుగో లైన్లో!” అంది లాయరు.

“మరి వీపు తలుపుకి ఆనించింది కదే?” అన్నాడు పొడుగబ్బాయి, మొదటిసారి పుస్తకంలోకి చూస్తూ. “నమ్మకం లేకపోతే ఎవరైనా ఆనుకుంటారా?”

“మా తాతయ్య బస్టాపులో స్తంభానికి ఆనుకుంటాడు. స్తంభం మీద నమ్మకమా? నడుం నొప్పి.”

“అయితే వెళ్లిపోవచ్చుగా? కట్టేశారా ఏంటి?”

“ఎక్కడికి? ఇంకో చోటుందని దానికి తెలిస్తేగా!” అంది నిట్టూర్పుల పిల్ల, ఈసారి నిట్టూర్చడం పూర్తిగా మర్చిపోయి.

బోర్డు మీద ముందే రాసి ఉంచిన పద్యంలో టీచరు ఒక లైను కింద గీత గీసింది. తరగతి దాని మీద పడింది. ఇంకో లైను కింద గీసింది. అటు పరిగెత్తింది. బెల్లు కొట్టేసరికి సగం గది విశ్వాసం పక్షాన, సగం గది నడుం నొప్పి పక్షాన నిలబడి ఉంది.

విద్యాధికారి బెంచీలోంచి తన కాళ్లను ఒక్కొక్కటిగా వెలికితీసి ముందుకొచ్చాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

“అమ్మా, నా సర్వీసులో ఇలాంటి పాఠం చూడలేదు. మీరు ఒక్క మాటైనా మాట్లాడలేదు!”

ఆమె గొంతు చూపించింది. చాలదనిపించి బోర్డు మీద రాసింది: ‘గొంతు పోయింది. డాక్టరు అరవొద్దన్నాడు. ఆఫీసు పోస్టు ఇప్పించండి.’

ఆయన చదివాడు. నొచ్చుకున్నాడు కూడా.

“నిజమేనమ్మా. కానీ మీరే చెప్పండి, గొంతు బాగుంటే ఈ పాఠం జరిగేదా? ప్రూఫులు చూడ్డానికి ఎవరైనా దొరుకుతారు. మిమ్మల్ని తీసుకెళ్లి కామాల దగ్గర కూర్చోబెడితే ఈ పిల్లలు నన్ను క్షమించరు. అరవకండి. ఇలాగే చెప్పండి.”

ఇంత సవ్యమైన అన్యాయానికి ఎదురు చెప్పడానికి గొంతున్నవాళ్లకైనా మాట దొరకదు. చేతులు జోడించి ఆయన వెళ్లిపోయాడు.

పిల్లలు కదల్లేదు. లాయరు బల్ల దగ్గరికి వచ్చింది.

“మేడమ్, నేను నోరు మూసుకుని ఉంటే మీకు పోస్టు వచ్చేదా?”

బహుశా వచ్చేది. రెండు నిమిషాల జవాబుల తర్వాత అందరూ మర్యాదగా కూర్చుని ఉంటే, అధికారి ఓ కునుకు తీసి, సంతకం పెట్టి పోయేవాడు. అవునంటే ఈ పిల్ల ఇక జన్మలో నోరు విప్పదు. కాదంటే అబద్ధం, ఈ పిల్ల అబద్ధాన్ని ఇట్టే పట్టేస్తుంది. గొంతు లేకపోవడం ఇన్నాళ్లకు ఒక్క క్షణం టీచరుకు కలిసొచ్చింది.

ఆమె నీరసంగా లేచి, తన విన్నపాన్ని చెరిపేసి, అదే చోట రాసింది: ‘కుక్క లేచి వెళ్లిపోతే? మీ పద్యం రేపు రాసుకు రండి.’

లాయరు ఆ అక్షరాలు చదివింది. తర్వాత పెన్ను మూత తీసింది.

“ఎన్ని లైన్లు మేడమ్?”