ఖాళీ బరువు

అన్నం గిన్నె చిన్న కాటా మీద ఉంది. రెండు వందల యాభై ఆరు. బుల్లిరాజు గరిటె అంచుతో ఇంకొంచెం అన్నం రాల్చి, ఊపిరి బిగపట్టి అంకెల వైపు చూశాడు. రెండు వందల అరవై. అందులో గిన్నె బరువు నూట ఎనభై పోతే, అన్నం ఎనభై గ్రాములు. ఫోనులో ఆ అంకె నొక్కితే నూట నాలుగు క్యాలరీలని చూపించింది. అప్పుడు ఊపిరి వదిలి గిన్నెకు మూత పెట్టాడు. మూత మీద నల్ల మార్కరుతో 180 అని రాసి ఉంది. పద్నాలుగు నెలల కిందట, కాటా కొన్న రోజున, ఖాళీ గిన్నె తూచి తనే రాసుకున్నాడు.

వంటింటి గుమ్మంలో భార్య రత్నమాణిక్యం నిలబడి ఉంది. "చాలునా?" అని అడగడం మానేసి చాలా కాలమైంది. ఆయన తూకం, ఫోనులో రాత అన్నీ ముగిసి, తిని లేచాకే ఆవిడ తినేది. ముప్ఫై మూడేళ్లు ఎదురెదురుగా కూర్చుని తిన్నవాళ్ల మధ్య అరచెయ్యంత కాటా వచ్చి కూర్చుంది.

ఆయన్ను అనడానికీ లేదు. ఆయన అన్నగారు శ్రీనివాసరాజుకి షుగరు. "రాజులం, కొలుచుకుని తింటామా" అంటూ పెళ్లిళ్లలో మారు వడ్డన మీద మారు వడ్డన వేయించుకున్న మనిషి. ముందు బొటనవేలు తీశారు, తర్వాత పాదం, ఆ తర్వాత ఆయనే పోయాడు. ఆ ఏడాదే బుల్లిరాజుకీ షుగరని తేలింది. తణుకులో డాక్టరు ప్రేమ్ కుమార్ గారు మందులు రాసి, మధ్యాహ్నం నూట యాభై గ్రాముల అన్నం, పప్పు, కూర, పెరుగు తినమన్నారు. ఏం తింటున్నారో మీకు తెలియడానికే ఈ లెక్క, భయపడటానికి కాదు అని కూడా అన్నారు. బుల్లిరాజు మొదటి మాట విన్నాడు, రెండోది వినలేదు. నూట యాభై నూట ఇరవై అయింది, నూట ఇరవై ఎనభై అయింది. బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు పడ్డాయి. మెడ దగ్గర ఎముకలు తేలి, చొక్కా కాలరు వదులై, ఆ మనిషి చొక్కాలో ఉన్నాడో లేదో అన్నట్టు తయారయ్యాడు. మేనల్లుడి పెళ్లికి వెళ్లి, విస్తరికి తూకం ఉండదని, మజ్జిగ తాగి వచ్చేశాడు.

ఎనిమిదింటికి మోపెడ్ మీద చెరకు కాటాకి చేరాడు. ముప్ఫై ఒక్క సీజన్లుగా ఆయన కూర్చునే గది అది. కిటికీ బయట నేలకు సమంగా ఇనుప పలక, దాని మీదికి ట్రాక్టర్లు ఎక్కుతాయి. ఈ సీజనుకీ, ఆయన ఉద్యోగానికీ కూడా ఇవాళే ఆఖరు. రేపటి నుంచి తూచడానికి ఇంట్లో గిన్నె తప్ప ఏమీ ఉండదు. ఆ ఆలోచన ఆయనకు ఓదార్పుగా లేదు.

వచ్చే సీజను నుంచి ఆ కుర్చీలో కూర్చోబోయే చిట్టియ్య, నలభై ఏళ్లవాడు, పక్కనే నిలబడి చూస్తున్నాడు. పెద్ద కాటా పది కిలోలకొక అంకె మారుతుంది, ఆ లోపు తేడా దానికి కనపడదు అని బుల్లిరాజు చెప్పాడు. చెరకుతో మట్టి వస్తుంది, ఆకు వస్తుంది, మంచు తడి వస్తుంది. అంతకంటే సన్నంగా చూస్తే పని జరగదు. కానీ ఒక్కటి మాత్రం మరవకూడదు. నిండు బండి తూచాక, సరుకు దింపి వెళ్లేటప్పుడు ఖాళీ బండిని మళ్లీ తూచి తీరాలి. నిన్నటి ఖాళీ బరువు ఇవాళ చెల్లదు. ఒక డ్రైవరు స్టెప్నీ టైరూ, జాకీ, సామాన్ల పెట్టె తోటలో దింపేసి ఖాళీ బండి తూయించి, మర్నాడు వాటితో సహా నిండు బండి తెచ్చి, ఆ బరువుకీ చెరకు డబ్బు రాబట్టుకున్న కథ మళ్లీ చెప్పాడు. ఆ కథ ఇంట్లో రత్నమాణిక్యానికి చెప్పినన్నిసార్లు ఇంకెవరికీ చెప్పి ఉండడు.

పదకొండింటికి ఫోను మోగింది. ల్యాబు నుంచి రిపోర్టు. మూడు నెలల షుగరు సగటు. తెరవడానికి వేలు రాలేదు. పెరిగి ఉంటే ఎనభై అరవై అవుతుంది. అరవై తర్వాత ఏమిటో ఆయనకే తెలియదు. రెండు ట్రాక్టర్లు తూచాక తెరిచాడు. ఆరు పాయింట్ నాలుగు. పోయినసారి కంటే తగ్గింది. సంతోషించాల్సిన మనిషి, ఎనభైకే ఇంత దిగిందంటే ఆ ఎనభై దాటితే మళ్లీ ఎక్కుతుందనుకున్నాడు. చిట్టియ్య వీడ్కోలుకని తెచ్చిన కాజాల డబ్బా తెరిస్తే, చేతులు జోడించి వద్దన్నాడు. చిట్టియ్య మొహం చిన్నబోయింది. మూత పెట్టి డబ్బా కిటికీలో పెట్టాడు.

పన్నెండున్నరకి భోజనం. కూర, పెరుగు ఇక్కడే తూచుకుంటాడు కాబట్టి చిన్న కాటా కూడా సంచిలో వస్తుంది. బొమ్మిడాయిల పులుసు వాసనకి నోరూరింది. ఈ మధ్య అన్నం కాస్త ఎక్కువగానే కనిపిస్తోంది. ఒకసారి అడిగితే, "పాత బియ్యమండీ, ఒదుగుతాయి" అంది రత్నమాణిక్యం. అంకె చెబుతుంటే కళ్లతో పనేమిటని ఊరుకున్నాడు.

తిని, గిన్నె కడిగి, గుడ్డతో తుడిచి, పరధ్యానంగా కాటా మీదే పెట్టాడు. దాన్ని ఆపడం మరిచిపోయినట్టున్నాడు. అంకె వెలిగింది.

110.

బ్యాటరీ అయిపోయిందనుకున్నాడు. చిట్టియ్య సొరుగులోంచి బిస్కెట్ పొట్లం తీసి పెట్టాడు. దాని మీద యాభై అని రాసి ఉంది, కాటా యాభై రెండు చూపించింది. కాగితంతో కలిపి సరే. గిన్నె మళ్లీ పెట్టాడు. నూట పది. మూత తిప్పి చూశాడు. నూట ఎనభై. మూత అదే. గిన్నె అది కాదు. పాత గిన్నెకు అడుగు మందం, దీనికి పలచన. ముప్ఫై ఒక్క సీజన్లు ఒక్క బండినీ నిన్నటి ఖాళీ బరువుతో వదలనివాడు, తన గిన్నెను పద్నాలుగు నెలల కిందటి ఖాళీ బరువుతో వదిలేశాడు.

రెండు వందల అరవైలో నూట పది పోతే నూట యాభై. ఇంటికి ఫోను చేశాడు.

"మాణిక్యం, గిన్నె మార్చావా?"

అటు నుంచి కుక్కరు కూత ఒకటి వినిపించింది.

"ఇన్నాళ్లకి తూచారా అండి?" అంది రత్నమాణిక్యం.

"ఎప్పటి నుంచి?"

"ధనుర్మాసంలోనండి. మీరు కాటా మెట్ల మీద కళ్లు తిరిగి పడబోయారు చూడండి, ఆ మర్నాడు. డాక్టరుగారికి చెప్పే చేశాను. ఆయన రాసింది నూట యాభై. అంతకి ఒక్క మెతుకు ఎక్కువ పడనివ్వలేదు."

తనకెందుకు చెప్పలేదని అడిగాడు.

"చెబితే వింటారా? బావగారు షుగరుతో పోయారు. మీరు షుగరు భయంతోనే పోయేలా ఉన్నారు. నాకు భయం వేసిందండి. మీ డ్రైవరు కథ గుర్తొచ్చింది, గిన్నె మార్చేశాను."

బుల్లిరాజుకు కోపం రావాల్సింది. వచ్చిందేమోనని వెతుక్కున్నాడు కూడా. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు, ఆ తలదన్నేవాడు తన వంటింట్లోనే ఉన్నాడని తెలియలేదు. ధనుర్మాసం నుంచి, అంటే మూడు నెలలకు పైగా, రోజూ నూట యాభై తిన్నాడు. కళ్లు తిరగడం ఎప్పుడు పోయిందో గమనించలేదు. షుగరు పెరగలేదు, కాలికి ఏమీ కాలేదు. తను కడుపు మాడ్చుకుని బతుకుతున్నాననుకున్న రోజులన్నీ కడుపు నిండా తిన్న రోజులే. గుండెల మీద నుంచి నిండు ట్రాక్టరు దిగిపోయినట్టయింది. నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్లు తడిశాయి. చిట్టియ్య చూడకుండా కిటికీ వైపు తిరిగాడు.

"రాత్రికి నువ్వూ నాతోనే కూర్చో," అన్నాడు ఫోనులో.

"మరి మీ కాటా?"

"రెండు గరిటెలు వెయ్యి. నూట యాభై అంటే ఎంతో నీ చేతికి తెలుసు కదా. ఫోనులో రాసుకోవడం మానను. రాసుకుంటాను, అంతే."

రత్నమాణిక్యం పాత గిన్నెలో పెరుగు తోడు పెడుతున్నానని, దాన్ని కూడా తెచ్చి చూపిస్తానని ఏదేదో చెప్పి, ముక్కు ఎగబీల్చి ఫోను పెట్టేసింది.

బుల్లిరాజు కాజాల డబ్బా తనే తెరిచాడు. ఒకటి తీసి విరిచి సగం చిట్టియ్యకిచ్చి, సగం తను తీసుకున్నాడు. పాకం వేళ్ల మధ్య నుంచి మణికట్టుకు కారింది. తొందరపడకుండా, పొర పొరనా తిన్నాడు. అన్నకి కాజా అంటే ప్రాణం. అన్నకి సగంలో ఆగడం రాలేదు, తనకి సగం దాకా వెళ్లడం రాలేదు, ఇద్దరివీ ఒక ఇంటి తిప్పలే అనుకున్నాడు. చెయ్యి కడుక్కుని ఫోనులో 'కాజా, సగం' అని రాశాడు. ఎన్ని గ్రాములని అది అడిగింది. ఉజ్జాయింపుగా ఒక అంకె వేసి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగున్నరకి సీజన్లో ఆఖరి ట్రాక్టరు వచ్చింది. నిండు బరువు, సరుకు దింపాక ఖాళీ బరువు, రెండూ తూచి చీటీ రాసి, కింద సంతకం పెట్టాడు. తాళంచెవి చిట్టియ్య చేతిలో పెట్టాడు. చిట్టియ్య కాళ్లకు దణ్ణం పెట్టబోతే భుజం పట్టుకుని లేపాడు. కడిగిన గిన్నె, మిగిలిన కాజాల డబ్బా సంచిలో సర్దుకుని, మోపెడ్ ఎక్కి, కాలవ గట్టు మీదుగా ఇంటి వైపు వెళ్లిపోయాడు.

సాయంత్రం గాలికి గదిలో చీటీలు లేచాయి. బల్ల మీద చిన్న కాటా ఉండిపోయింది. చిట్టియ్య వెనక్కి పిలవబోయి, ఏమనుకున్నాడో, దాన్ని తీసి చీటీల కట్ట మీద పెట్టాడు. అంకెలు ఆరిపోయి, దేన్నీ తూచకుండా, ఆ కాగితాలు ఎగిరిపోకుండా అది అలా కూర్చుని ఉంది.