ఎడమ చేతి బటను

మధ్యాహ్నం రెండింటికి బోర్డు మీద, పొద్దుట్నుంచి చేసిన డబ్బా మూతల అంకెలు మార్చారు. రెండో ప్రెస్సుకి ఎదురుగా రెండు వేల నాలుగు వందలు. నాలుగో దానికి రెండు వేల మూడు వందల ఎనభై. మధ్యలో మూడో దానికి పదిహేను వందల అరవై. సుద్దముక్కతో రాసిన ఆ అంకె షెడ్డు ఆ చివర నిలబడినా కనిపిస్తుంది. మూడో ప్రెస్సు ముందు స్టూలు మీదున్న పిన్ని మాత్రం తలెత్తి చూడలేదు. ఆ అంకె తన వీపు మీదే రాసినట్టుంది ఆమెకి.

ఆమెకి ముప్ఫై తొమ్మిదేళ్లు. కాలేజీలో చేరిన మొదటి రోజు ఓ ఇరవయ్యేళ్ల పిల్ల ఆమెని చూసి గబుక్కున లేచి నిలబడింది. తీరా ఆమె వచ్చి తన పక్కనే కూర్చునేసరికి, "టీచరమ్మ అనుకున్నా కదా పిన్నీ!" అని పకపకా నవ్వింది. అప్పట్నుంచి బ్యాచి మొత్తానికీ ఆమె పిన్నే. ఆ పిలుపు ఆమె వెంటే ఫ్యాక్టరీకీ వచ్చింది. పగలు ఫ్యాక్టరీలో పని, సాయంత్రం కాలేజీలో చదువు, చేతికి శిక్షణ జీతం. శిక్షణ జీతమంటే సగం జీతం.

పని చూడ్డానికి సులువే. గుండ్రటి రేకు బిళ్లని అచ్చు కింద పెట్టాలి. చేతులు వెనక్కి తీసుకోవాలి. అటొకటీ ఇటొకటీ ఉన్న పచ్చ బటన్లు రెండూ ఒకేసారి నొక్కాలి. ప్రెస్సు ధన్‌మని దిగి లేస్తుంది. డబ్బా మూత ఒకటి తయారు. రెండు బటన్లెందుకంటే, రెండు చేతులూ బటన్ల మీదుంటే ఏ చెయ్యీ అచ్చు కింద ఉండదు. పసిపిల్లలకైనా అర్థమయ్యే ఏర్పాటు.

కానీ ఈ షెడ్డులో ప్రతి ప్రెస్సుకీ ఎడమ బటను మీద సైకిలు ట్యూబు ముక్క బిగించి చుట్టి ఉంటుంది. ఆ బటను పొద్దస్తమానం నొక్కినట్టే ఉంటుంది. కుడి చేత్తో రెండోది నొక్కుతూ పోతే చాలు, ఎడమ చెయ్యి ఆగకుండా రేకులు అందించొచ్చు. గంటకి నాలుగు వందలు వచ్చేది అలాగే. మొట్టమొదట ఎవరు చుట్టారో ఎవరికీ తెలీదు. చుట్టమని ఏ కాగితం మీదా లేదు. గోడ మీద రంగులతో రాసిన బోర్డయితే రెండు చేతులూ వాడమనే చెబుతుంది.

పిన్ని రోజూ పొద్దున్నే వచ్చి ఆ ముక్క విప్పి, మడిచి, యంత్రం పక్కన పెడుతుంది. మర్నాడు వచ్చేసరికి మళ్లీ చుట్టి ఉంటుంది. పదకొండు రోజులుగా ఇదే తంతు.

"ఏమ్మా, బటన్లు నొక్కుతున్నావా, బుజ్జగిస్తున్నావా?"

సూపర్‌వైజరు. వెనకాల అందరూ ఆయన్ని 'గడియారం' అంటారు.

"నొక్కుతున్నా సార్. రెండూ నొక్కుతున్నా."

"అదే నీ రోగం." ఆయన కోప్పడలేదు. కోప్పడే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. "చూడమ్మా, నా మీద ఒకడున్నాడు. వాడి మీద ఇంకోడున్నాడు. వాళ్లకి నీ అంకె చూపించి తిట్లు తినేది నేను. శనివారం మీ కాలేజీకి పరీక్ష పెట్టడానికొచ్చేదీ నేనే. పది నిమిషాలు, అరవై మూతలు. ఇప్పుడే చెప్తున్నా, తర్వాత ఏడవకు."

మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఎడమ చెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఆ చేతికి చూపుడు వేలూ, మధ్య వేలూ సగానికే ఉంటాయి. రెండో నంబరు ప్రెస్సు మీద పోయాయవి. తర్వాతే ఆయన్ని సూపర్‌వైజరుని చేశారు. కంపెనీ తనని వదిలెయ్యలేదని ఆయన ఇప్పటికీ నలుగురికీ చెప్పుకుంటాడు.

నాలుగింటికి షిఫ్టు దిగి కాళ్లీడ్చుకుంటూ గేటు దాటిందో లేదో, ప్యాకింగులో పనిచేసే అక్క ఎదురొచ్చింది. పిన్నికి ఈ దారి చూపించింది ఆ అక్కే.

"ఇవాళ కూడా విప్పావటగా?"

"విప్పాను."

"నీకేం మాయరోగమే? షెడ్డులో పన్నెండు మంది చేస్తున్నారు, అందరి చేతులూ ఊడి పడ్డాయా? నేను ఆ గడియారం కాళ్లావేళ్లా పడి నీకిక్కడ సీటిప్పిస్తే, నువ్వొచ్చి అందరికీ నీతులు చెప్తున్నావు."

"నేనెవరికీ ఏం చెప్పలేదక్కా. నా బటను నేను విప్పుకుంటున్నా."

"అదే చెప్పడమంటే. మళ్లీ ఆ క్యాంటీనుకి పోయి అంట్లు తోముకుంటావా? చేతులు చూసుకున్నావా ఎప్పుడైనా?"

చూసుకుంది. పదహారేళ్లు సబ్బు నీళ్లలో నాని పగిలిన చేతులు. శనివారం పరీక్ష గట్టెక్కితే ఈ ఏడాది కోర్సు పూర్తయి కాలేజీ సర్టిఫికెట్టొస్తుంది. దాంతో ఆపరేటరు ఉద్యోగం, నిండు జీతం. నలభై దాటితే కాలేజీలో చేర్చుకోరు. అంటే ఈ శనివారం తప్పితే ఇంకో శనివారం లేదు. కూతురు తొమ్మిదో తరగతి. దాని బూట్లు మడమ దగ్గర నోరు తెరిచి నెలవుతోంది.

కాలేజీ ఒకప్పుడు సరుకుల గోడౌను. ఇప్పుడు ముందు గదిలో బల్లలు, వెనక షెడ్డులో యంత్రాలు. షిఫ్టులు దిగి వచ్చేవాళ్ల కోసమని తరగతులు సాయంత్రం అయిదింటికి పెట్టారు. పక్క గదిలో ఓ ముసలమ్మ పిల్లల్ని చూసుకుంటుంది. అక్కడ పిల్లల్ని వదిలి తల్లులు ఇక్కడ కొలతలు నేర్చుకుంటారు. పిన్ని బడి మానేసిన పాతికేళ్లకి మళ్లీ పెన్సిలు పట్టింది ఈ గదిలోనే. మిల్లీమీటరంటే ఏమిటో తెలిసిన రోజున ఇంటికెళ్లి గిన్నెలన్నీ కొలిచింది.

ప్రెస్సు నేర్పే మాస్టారు అంతకుముందు ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీల్లో చేసినవాడు. మొదటి రోజు పాఠం చెప్పకుండా రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. "లెక్కపెట్టండి. పదీ ఉన్నాయా? ఇదే నా సర్టిఫికెట్టు." అందరూ నవ్వారు. ఆ తర్వాత మూడు వారాలు ఖాళీ ప్రెస్సు మీద రెండు చేతులూ బటన్ల మీద పెట్టడం, తియ్యడం, పెట్టడం. నిద్రలో కూడా చేతులు అలాగే కదిలేవి పిన్నికి.

ఆ సాయంత్రం షెడ్డు గుమ్మంలో ప్రిన్సిపాలూ మాస్టారూ మాట్లాడుకుంటున్నారు. ప్రిన్సిపాలు చేతిలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఉత్తరం ఉంది.

"మన వాళ్ల చేతులు ఫ్యాక్టరీ వేగానికి పనికిరావట్లేదని రాశారు మాస్టారూ. పరీక్షకి ఇక్కడి ప్రెస్సు కూడా వాళ్ల దానిలాగే ఉండాలట."

"లాగే అంటే?"

ప్రిన్సిపాలు జేబులోంచి ట్యూబు ముక్క తీసి పక్కనున్న బల్ల మీద పెట్టాడు. పెట్టి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నాకు మాత్రం సంతోషమా? ఈ బ్యాచిలో ముప్ఫై మంది. పన్నెండు మందిని తీసుకునేది ఆ ఒక్క ఫ్యాక్టరీ. వాళ్లు వద్దంటే వచ్చే ఏడాది ఈ కోర్సుండదు. ఈ షెడ్డు మళ్లీ గోడౌనే. ఆ పక్క గదిలో పిల్లలకి ఏం చెప్పమంటారు?"

మాస్టారు ట్యూబు ముక్కని వేలి కొసతో అటూ ఇటూ తిప్పాడు. "పరీక్ష ఒక్క రోజుకే కదా," అన్నాడు చివరికి. ఆ మాట ఆయన గొంతులోంచి వచ్చినట్టు లేదు.

ఆ రాత్రంతా పిన్నికి అక్క మాటలే. పొద్దున్న ప్రెస్సు ముందు కూర్చుని ట్యూబు ముక్కని చూసింది. విప్పలేదు.

మొదటి అరగంట ప్రాణం అరచేతిలో పెట్టుకుని చేసింది. తర్వాత చేతికి దారి దొరికింది. కుడి చెయ్యి నొక్కడం, ఎడమ చెయ్యి అందించడం, నొక్కడం, అందించడం. పది గంటలకి బోర్డు మీద ఏడు వందల ఎనభై. నాలుగో ప్రెస్సావిడ కన్ను గీటి, "వచ్చావా దారికి!" అంది. గడియారం తన వంతు టీ గ్లాసు తెచ్చి పిన్ని పక్కన పెట్టి వెళ్లాడు. పిన్నికి సిగ్గేసింది. దాంతోపాటు సంతోషమూ వేసింది, అబద్ధమెందుకు.

పదకొండింటికి కూతురి బూట్ల గురించి ఆలోచిస్తోంది. కొత్తవి కొనడమా, కుట్టించడమా. కుట్టిస్తే వానాకాలం దాటుతాయా. ప్రెస్సు దిగింది, లేచింది. ఎడమ చేతి తొడుగు ఎందుకో లాగినట్టయింది. చూసుకుంటే చూపుడు వేలి కొసన నూలు తొడుగు చిరిగి ఉంది. వేలికి ఏమీ కాలేదు. అచ్చు కింద నుంచి మూత బయటికి తీసింది.

మూత అంచున వేలి కొసంత మేర తొడుగు నేత అచ్చుపడి ఉంది. అడ్డం పోగులు, నిలువు పోగులు, రేకు మీద చక్కగా, ముగ్గేసినట్టు.

తన చెయ్యి ఎప్పుడు లోపలికెళ్లిందో ఆమెకి గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అదే ఆమెని భయపెట్టింది. చెయ్యి తనది, అక్కడికెళ్లింది తనకి తెలీదు.

ఆమె ఆ మూతని బుట్టలో వెయ్యకుండా ఏప్రన్ జేబులో పెట్టుకుంది. ట్యూబు ముక్క విప్పి పక్కన పడేసింది.

ఆ సాయంత్రమే కాలేజీకెళ్లి మూతని మాస్టారి చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టి దగ్గరగా చూశాడు. బొటనవేలితో ఆ నేతని తడిమాడు. తర్వాత ఆమె ఎడమ చేతి వంక చూశాడు.

"పదీ ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయి మాస్టారూ."

ఆయన సొరుగు తెరిచి మూత లోపల పెట్టి మూసేశాడు. "ఎవరికీ చెప్పకు. పరీక్ష అయ్యేదాకా ఆగు. సర్టిఫికెట్టు చేతికొచ్చాక నీ ఇష్టం." ఆ మాటన్నాక ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

శనివారం పొద్దున్న ముప్ఫై మందీ గోడ పొడుగునా నిలబడ్డారు. కాలేజీ ప్రెస్సుకి ఎడమ బటను మీద ట్యూబు ముక్క చుట్టి ఉంది. మాస్టారే చుట్టాడు, అందరూ రాకముందే. చుట్టి, ప్రెస్సుకి వీపు పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. బల్ల దగ్గర గడియారం కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. ప్రిన్సిపాలు నిలబడే ఉన్నాడు.

పిన్ని పక్కనున్న పిల్ల, మొదటి రోజు లేచి నిలబడ్డదే, ఊపిరాడకుండా గుసగుసలాడుతోంది. దానికి 'రేడియో' అని పేరు పెట్టారు బ్యాచి వాళ్లు. "పిన్నీ, ఒక్క చేత్తో నేనసలు ఎప్పుడూ చెయ్యలేదు. ఏ చేత్తో నొక్కాలి, కుడి చేత్తోనా? నువ్వు ఫ్యాక్టరీలో చేశావుగా, ఎలా ఉంటుంది? తేలికేనా? చెప్పు పిన్నీ!"

పిన్ని దాని చేతుల వంక చూసింది. గోళ్లకి గులాబీ రంగు వేసుకుంది, పరీక్ష కదా అని.

"మొదటి వాళ్లు," అన్నాడు గడియారం.

పిన్ని వెళ్లి స్టూలు మీద కూర్చుంది. తర్వాత వంగి ట్యూబు ముక్క కొస వెతికి పట్టుకుంది. చాలా బిగించి చుట్టాడు మాస్టారు, ఏ పని చేసినా గట్టిగా చేసే మనిషి. ఒక్కో చుట్టూ విప్పడానికి చాలాసేపు పట్టింది.

ఆమె లేచి, ఆ ముక్కని తీసుకెళ్లి మాస్టారి చేతిలో పెట్టింది.

"ఇది మీరు నేర్పలేదు మాస్టారూ," అంది మెల్లగా.

"ఏమ్మా," గడియారం గొంతు అలిసిపోయి ఉంది. "అరవై రావు నీకు. తెలుసుగా?"

"తెలుసు సార్. టైము చూడండి."

రేకు పెట్టింది. చేతులు తీసింది. రెండూ నొక్కింది. ధన్. పెట్టింది. తీసింది. నొక్కింది. తొందరపడలేదు, ఆలస్యమూ చెయ్యలేదు. చెమట కంట్లోకి కారినా తుడుచుకోలేదు. పది నిమిషాలయ్యేసరికి బుట్టలో నలభై నాలుగు మూతలున్నాయి. ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు.

గడియారం వాటిని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు, పెరుగుతాయేమోనన్నట్టు. కాగితం మీద నలభై నాలుగని రాశాడు. పక్క గడిలో 'వేగం చాలదు' అని రాశాడు. ఆ రెండు మాటలూ తలకిందులుగానే చదువుకుంది పిన్ని. సోమవారం మళ్లీ క్యాంటీను పెద్దాయన్ని అడగాలి. వేడినీళ్ల ఆవిరీ, సోడా వాసనా అప్పుడే ముక్కుకి తగిలినట్టయింది. చేతి తొడుగులు తీసి, మడిచి, సంచిలో పెట్టుకుంది. వెళ్లిపోకుండా గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడింది.

"తర్వాత."

రేడియో వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"కట్టండి మాస్టారూ," అన్నాడు గడియారం.

మాస్టారి చేతిలో ట్యూబు ముక్క వేలాడుతోంది. ఆయన దాని వంకే చూస్తున్నాడు.

"మాస్టారూ, కట్టండి. ఇంకా ఇరవై తొమ్మిది మందున్నారు." కాగితం గాలికి లేవకుండా అదిమి పట్టుకున్నాడు గడియారం. ఎడమ చెయ్యి జేబులోంచి ఎప్పుడు బయటికొచ్చిందో ఆయనకే తెలీదు. సగం వేళ్లు రెండూ కాగితం మీద, అందరికీ కనిపించేలా ఉన్నాయి.

ప్రిన్సిపాలు తల దించుకున్నాడు. పక్క గదిలో ఏ పిల్లో ఏడుపు మొదలెట్టింది. ముసలమ్మ దాన్ని ఊరుకోబెడుతోంది.

రేడియో ఎవర్నీ ఏమీ అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు నోరు మూసుకుని ఉండి ఉండదు ఆ పిల్ల. గులాబీ గోళ్ల చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, మాస్టారి వంక చూస్తూ కూర్చుంది.

మాస్టారు రెండడుగులు ముందుకేశాడు. ప్రెస్సు వైపు కాదు, తన బల్ల వైపు. పిన్ని ఇచ్చిన మూత దాచిన సొరుగు పిడి మీద చెయ్యి వేసి ఆగాడు.