పుంజు చూపు

రామమోహనరావు నోటికి తాళం ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో, రోడ్ల ఆఫీసులో అతను ఇంజనీరు. పక్క బల్ల ఫ్లోరెంతినోది. అందరూ టీనో అంటారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఇరవయ్యేళ్లయిన సర్వేయరు. నాలుగేళ్ల కిందట, ఒక మధ్యాహ్నం ఇద్దరూ అన్నం డబ్బాలు విప్పుకుని మాట్లాడుకుంటే, ఇద్దరి ఊళ్లలోనూ కోడిపందేలున్నాయని తేలింది. ఇక చూడండి. అక్కడ కోడిపందెం నేరం గనక ఇద్దరూ నోటితోనే ఆడేవారు. టీనో తన పుంజుల సంగతి చెబితే రావు తన పుంజు సంగతి చెప్పేవాడు. భీమవరంలో తను పెంచిన పుంజు ఏడు పందేలు గెలిచిందనీ, ఏ పుంజునైనా ఒక్కసారి చూస్తే దాని జాతకం చెప్పేసేవాడిననీ కోతలు కోసేవాడు.

నిజానికి రావు తండ్రి హెడ్మాస్టరు. బరి ఛాయలకు వెళితే కాళ్లు విరగ్గొడతానన్న మనిషి. రావు జన్మలో చూసిన పందేలు రెండే. ఆ రెండూ ఎడ్లబండి చక్రం సందులోంచి చూసినవే.

1981 అక్టోబరులో టీనో ఒక ఉత్తరం తెచ్చి రావు బల్ల మీద పెట్టాడు. లాస్ ఏంజెలెస్ నుంచి ఒక బాక్సింగ్ మేనేజరు రాసింది. టీనో మేనల్లుడు రోలాండోని తన దగ్గరికి పంపమనీ, చదువు మానిపించి పూర్తిగా బాక్సింగ్‌లోనే పెడతాననీ, సోమవారంలోగా జవాబు చెప్పమనీ దాని సారాంశం. రోలాండోకి పందొమ్మిదేళ్లు. పగలు కాలేజీలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతూ, సాయంత్రాలు చేతులకు గ్లవ్స్ తొడుక్కునేవాడు. ఆడిన ఏడు మ్యాచ్‌లూ గెలిచాడు.

"మా అక్క వీణ్ణి నా చేతుల్లో పెట్టింది, రావ్," అన్నాడు టీనో. "వీడిలో సరుకుంటే పంపిస్తా. లేకపోతే ఊరికే తల పగలగొట్టించుకోడానికి పంపను. శనివారం సిక్స్ రౌండ్స్ ఫైట్ ఉంది. నువ్వొచ్చి చూడు. నువ్వు నో అంటే నో."

కాదనలేక రావు తలూపాడు.

ఇంటికొచ్చి భార్య లీలకు చెప్పాడు. ఆమె పప్పులో పోపు పెడుతూ విన్నది.

"నాకేం తెలీదని చెప్పెయ్యండి."

"నాలుగేళ్లుగా చెప్పినదంతా అబద్ధమని ఒప్పుకోమంటావా?"

"మా పుట్టింట్లో గంప కిందనుంచి కోడి తప్పించుకుంటే అరుగెక్కి కూర్చున్నారు మీరు. ఆ కోడి కూడా పుంజు కాదు, పెట్ట. ఇప్పుడు పిల్లాడి బతుకు తేలుస్తారా?"

ఆమె నవ్వుతూనే అన్నది గానీ, ఆ మాట శనివారం దాకా రావు చెవిలో ఉండిపోయింది. తన నోటి దురద వల్ల ఒక కుర్రాడు చదువు మానేసి ముక్కు పగలగొట్టుకోవచ్చు. లేదా నిజంగా గొప్పవాడు కావలసినవాడు వైర్లు బిగిస్తూ ఉండిపోవచ్చు. రావుకి భయం వేసింది.

శనివారం రెండో వరుసలో కూర్చున్నాడు. బాక్సింగ్ గురించి అతనికి తెలిసింది సున్న. తెలిసిందల్లా చిన్నప్పుడు బండి చక్రం పక్కన నిలబడ్డ ఒక ముసలాయన అన్న మాట. పందెం మధ్యలో ఆపి పుంజు మీద నీళ్లు కొడతారు కదా, అప్పుడు చూడమన్నాడాయన. ఎదుటి పుంజుకేసి చూసేది గెలుస్తుంది. యజమానికేసి చూసేదాన్ని ఇంటికి తీసుకుపోవాలి.

మొదటి రౌండ్ అయింది. రోలాండో తన మూలకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ముసలి ట్రైనర్ మొహం తుడుస్తుంటే, టీనో నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. కుర్రాడు మెడ తిప్పి మామకేసే చూశాడు. రావు మనసు చివుక్కుమంది. రెండో రౌండ్ అయ్యాక కూడా అంతే. ఇక నో చెప్పడమే అనుకున్నాడు.

అప్పుడు, ఆ కుర్రాడు చూస్తున్నదేమిటో తనూ చూశాడు. టీనో కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. చేతులు వణికి, సీసాలో నీళ్లు కుర్రాడి నిక్కరు మీద పోతున్నాయి. రోలాండో ఏదో చెప్పి నవ్వి, గ్లవ్‌తో మామ బుగ్గ మీద తట్టాడు. కుర్రాడు ధైర్యం అడగడం లేదు, చెబుతున్నాడు.

మూడో రౌండ్‌లో రోలాండో కొట్టుకుంటూనే ఒకసారి మూలకేసి చూశాడు. చూసినందుకు కణత మీద దెబ్బ తిన్నాడు. గంట మోగగానే రావు లేచి మూల దగ్గరికి పరుగెత్తాడు.

"టీనో, నా డాట్సన్ కారుని పోలీసులు టో చేసి లాక్కుపోతున్నారట. నువ్వెళ్లి ఆపు. నేను ఫైట్ వదలకూడదు కదా."

తాళాలు చేతిలో పెట్టాడు. టీనో పాపం సీసా ట్రైనర్‌కిచ్చి బయటికి పరుగు తీశాడు.

నాలుగో రౌండ్ అయ్యాక రోలాండో మామ కోసం వెతికాడు. కనబడలేదు. హాయిగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత ట్రైనర్ భుజం మీదుగా ఎదుటి మూలకేసి చూశాడు. రెప్ప వెయ్యలేదు. రావు ఒళ్లు జల్లుమంది. ఐదో రౌండ్‌లో ఎదుటివాడు రెండుసార్లు కిందపడ్డాడు. ఆరో రౌండ్ అయ్యేసరికి ముగ్గురు జడ్జీలూ రోలాండోనే గెలిపించారు. రావు పక్కసీటు ఆయన్ని ఎవరో తెలియకుండానే కావలించుకున్నాడు.

పార్కింగ్‌లో టీనో కారుకానుకుని నిలబడ్డాడు.

"కారు దగ్గరికి ఎవరూ రాలేదు. వస్తారేమోనని ఇంతసేపూ ఇక్కడే కాపలా ఉన్నా."

"తెలుసు. కుర్రాణ్ణి పంపించు, టీనో. బంగారం వాడు. కానీ నువ్వు మూలలో నిలబడకు. వాడు ఇద్దరితో ఫైట్ చెయ్యాల్సొస్తోంది." రావు తల గీరుకున్నాడు. "ఇంకోటి. నేను పుంజును పెంచలేదు. ముట్టుకోను కూడా లేదు."

"నాకు రెండో ఏడాదే తెలుసు," అన్నాడు టీనో. "మొదట నీ పుంజు ఎర్రది. మరుసటేడు నల్లది. నిరుడు దానికి తెల్ల మచ్చలొచ్చాయి."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

"మరి నీ పుంజులు?"

"మా నాన్న చర్చిలో పెద్ద. బరిలో ఏం జరిగేదో నేను చూసింది మామిడిచెట్టెక్కి."

ఇద్దరూ కారు మీద వాలిపోయి నవ్వారు. నవ్వాగాక రావు అడిగాడు, "అంతా తెలిసి నన్నెందుకు రమ్మన్నావు?"

"బాక్సింగ్ తెలిసిన ప్రతివాడికీ వాడిలో వాటా కావాలి, రావ్. ఏమీ అక్కర్లేకుండా వాణ్ణి చూసేవాడు ఒక్కడు కావాలనిపించింది."

రావు మొహం పక్కకు తిప్పుకున్నాడు. కళ్లు చెమర్చాయి. అంతలో రోలాండో వాచిన కన్నుతో, చెవుల దాకా నవ్వుతో వచ్చాడు.

"అంకుల్, పాసయ్యానా?"

"నువ్వు పాస్. మీ మామయ్య ఫెయిల్."

మరుసటేడు లాస్ ఏంజెలెస్‌లో రోలాండో మొదటి పెద్ద మ్యాచ్‌కి ఇద్దరూ ఆ డాట్సన్‌లోనే వెళ్లారు. హాలు ముందు దిగగానే, రావు అడక్కముందే టీనో చెయ్యి చాపాడు.

"తాళాలిలా ఇవ్వు. నువ్వు లోపలికెళ్లి చూడు. ఈ కారుని ఎవరో టో చేస్తారట, నేను కాపలా ఉంటా."