బల్ల ఎక్కిన ద్రాక్షారసం

నేను ఒక ద్రాక్షారసాన్ని. దక్షిణ ఫ్రాన్సులో, రాళ్ళూ ఎండా దండిగా ఉన్న ఒక కొండవాలులో మూడు రకాల నల్లద్రాక్షలు కలిపి నన్ను చేశారు. అటు మరీ చిక్కనా కాదు, ఇటు పలచనా కాదు. ఏళ్ళ తరబడి దాచుకునే గొప్ప జాతి కాదు నాది. రెండు మూడేళ్ళలో భోజనంతో పాటు తాగేయాల్సిన మామూలు సరుకును.

మార్సే రేవులో నన్ను అమ్మిన ముసలాయన ఆ మాట చెప్పాడు కూడా. కొన్నవాడు ఎలీషా, కాకినాడ జగన్నాథపురం నుంచి వచ్చిన ఓడ కళాసీ. ఫ్రెంచి ముక్క రాకపోయినా బుద్ధిగా తలూపాడు. అర్థం కాని మాటకు తలూపడంలో మనుషుల తర్వాతే ఎవరైనా.

ఎలీషా తాగుబోతని వాళ్ళ చర్చి సంఘం అతణ్ణి బల్ల నుంచి తప్పించింది. బల్లంటే వాళ్ళ గుడిలో అందరూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. తప్పించిన మనిషి వెనక బెంచీలో చేతులు ముడుచుకు కూర్చోవాలి. ఎలీషా సెలవుకొచ్చినప్పుడు నన్ను వాళ్ళక్క సలోమి చేతిలో పెట్టాడు.

“మానేసొస్తానక్కా. నన్ను మళ్ళీ బల్లలోకి తీసుకున్న రోజున ఇదే పోయించు,” అన్నాడు.

ఇంట్లో సీసా కనబడితే ఇరుగుపొరుగు సారా అంటారు. అందుకని సలోమి నన్ను పాత చీరలో చుట్టి, బీరువాలో కలరా ఉండల మధ్య దాచింది. పాతబడేకొద్దీ మంచిదాన్నవుతానని ఆమె నమ్మకం. వేసవులు వచ్చి పోయాయి. బీరువా ఇనుము కాగేది, నేనూ కాగేదాన్ని. మొదట్లో బాధపడ్డాను. తర్వాత ఏమీ తెలియకుండా పోయింది.

తాగడం మానేశానని ఎలీషా ఒక రేవు నుంచి ఫోనులో చెప్పాడు. ఆ ప్రయాణంలోనే, ఓడ మీద, గుండె ఆగి పోయాడు. సలోమి ఏడవలేదు. బీరువా తెరిచి నన్ను చూసింది, మళ్ళీ మూసింది.

జ్ఞాపకార్థ కూడిక రోజున బల్ల కూడా ఉంది. సలోమి నన్ను గుడికి తెచ్చి, తమ్ముడన్న మాట పాస్టరు నతానియేలు గారికి చెప్పింది. ఆయన బిరడా లాగి, ఒక చుక్క నాలుక మీద వేసుకున్నారు.

“చిరకైపోయిందమ్మా. బల్ల మీద పెట్టలేం,” అన్నారు.

పులిసిపోయిన ద్రాక్షారసాన్ని వాళ్ళు చిరకంటారు. సలోమి గొంతు మారలేదు.

“సిలువ మీద ప్రభువుకిచ్చింది చిరకే కదండి, అయ్యగారూ. మావోడికీ అదే దక్కిందనుకుంటాను. పోయండి.”

ఆయన పోశారు. ఎలీషాను తప్పించిన సంఘపెద్దలు ఒక్కొక్కరే చిన్న గిన్నెలు ఎత్తారు. మొహాలు ముడుచుకుపోయాయి. ఒక్కరూ ఉమ్మేయలేదు, పక్కవాళ్ళ వంక చూడలేదు.

పళ్ళెంలో ఒక గిన్నె మిగిలింది. తీయబోయిన వాళ్ళను సలోమి ఆపింది. అది వాడిదని చెప్పింది.

తలుపులు వేసి అందరూ వెళ్ళిపోయారు. ఆ గిన్నెలో మిగిలింది నేనే. తాగడానికి ఎలీషా రాడు. అది తెలిసినా నాకేమీ అనిపించడం లేదు. బల్ల మీద మాత్రం ఉన్నాను.