నీలం దారం కట్టిన నీళ్ళ సీసా

నాలుగో లైనులో ఆమెను అందరూ కంగారక్క అంటారు. మిషను చప్పుడు కాస్త మారితే చాలు, మోటారు కాలిపోతోందంటుంది. ఎవరైనా రెండుసార్లు తుమ్మితే, మూడో తుమ్ము వచ్చేలోపు ఆసుపత్రికి దారి చెప్పేస్తుంది. అన్నిటికీ అంత హడలిపోయే మనిషి, కన్నకూతురి విషయంలో మాత్రం భయపడాల్సిన చోట భయపడలేదు.

చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో లైనుకి నలభై మంది ఆడవాళ్ళు. నలభై మందికీ కలిపి ఒకటే ప్లాస్టిక్ బిళ్ళ. సూపర్‌వైజర్ బల్ల పక్కన మేకుకి వేలాడుతుంటుంది. బాత్రూముకి వెళ్ళాలంటే అది చేతిలో ఉండాలి. మేకు ఖాళీగా ఉంటే, వెళ్ళినామె తిరిగొచ్చేదాకా బిగబట్టుకుని కూర్చోవాలి. ఈలోగా కుట్టాల్సిన కాలర్లు గుట్టపడిపోతాయి. అందుకే అక్కడ ఎవరూ నీళ్ళు తాగరు, గొంతు తడుపుకుంటారు, అంతే. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ ఈ విద్య నేర్పింది కంగారక్కే. పద్దెనిమిదేళ్ళుగా నేర్పుతోంది.

పెళ్ళయ్యాక కూతురు కూడా ఆమె పక్క మిషను మీదే చేరింది. కడుపుతో ఉందని తెలిసిన వారంలోనే ఆమె ఒక ఏర్పాటు చేసింది. కూతురి నీళ్ళ సీసాకి నడుమున నీలం దారం చుట్టి గట్టిగా ముడేసింది.

"భోజనాల వేళ దాకా నీళ్ళు ఈ దారం దాటి కిందికి దిగకూడదు. మాటిమాటికీ లేస్తే గడియారం ఊరుకోడే తల్లీ. పనిలోంచి తీసేస్తాడు," అంది. గడియారమంటే సూపర్‌వైజరే. అతను మనిషి మొహం కంటే చేతి గడియారాన్నే ఎక్కువ చూస్తాడని లైను మొత్తం పెట్టుకున్న పేరది.

ఏడో నెలలో కూతురి పాదాలు వాచాయి. వేలితో నొక్కితే సొట్టపడింది. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. తాగిన నీళ్ళన్నీ కాళ్ళలోకి దిగుతున్నాయనుకుని, దారాన్ని రెండు వేళ్ళ మేర పైకి జరిపింది.

"దాహమేస్తోందమ్మా."

"నోట్లో పోసుకుని పుక్కిలించి ఊసెయ్. వాపు తగ్గనీ."

ఎనిమిదో నెల స్కానింగు తీసిన రోజున డాక్టరమ్మ కాగితం చూసి కళ్ళజోడు తీసింది.

"ఉమ్మనీరు బాగా తగ్గిపోయింది. కనీసం ఎనిమిది సెంటీమీటర్లుండాలి, ఐదే ఉంది. నీళ్ళు సరిగ్గా తాగుతున్నావా అమ్మాయ్?"

కూతురు నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "ఎందుకు తాగదు డాక్టరుగారూ! శుభ్రంగా తాగుతుంది. నేనుండగా తాగకపోవడమా!"

కూతురు తల్లి వంక ఒకసారి చూసి తల దించుకుంది.

"అయితే ఉమ్మనీటి సంచి ఎక్కడన్నా చిల్లుపడి నీరు కారుతోందేమో చూడాలి. లేకపోతే మాయ సరిగ్గా పనిచెయ్యట్లేదేమో. ఇలాగే తగ్గుతూ పోతే నెలలు నిండకుండానే బిడ్డను తియ్యాల్సి రావచ్చు. ఇవాళే చేరిపోండి."

నర్సు కూతుర్ని పరీక్షలకు లోపలికి తీసుకుపోయింది. ఆమె బయట బల్ల మీద, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. సంచీలో సీసా ఉంది. కాస్త కదిలితే చాలు, లోపల నీళ్ళు గలగలమంటున్నాయి. చెబితే ఏమవుతుంది? డాక్టరమ్మ నలుగురిలో కడిగేస్తుంది. అల్లుడికి తెలుస్తుంది. వియ్యపురాలైతే జన్మంతా ఎత్తిపొడుస్తుంది. చెప్పకపోతే? తను ఆడిన అబద్ధాన్ని నమ్మి, ఇంకా ఒళ్ళు చెయ్యని పసిగుడ్డుని కోసి బయటికి తీస్తారు. ఆమె లేచింది, మళ్ళీ కూర్చుంది. లోపల కూతురు ఏదో అన్నట్టు వినబడితే మళ్ళీ లేచింది. ఈసారి కూర్చోలేదు, డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది.

"డాక్టరుగారూ, మా పిల్ల నీళ్ళు తాగట్లేదు. నేనే తాగనివ్వలేదు." సీసా తీసి బల్ల మీద పెట్టింది. "సగం రోజుకి ఈ దారం దాకానే. కాళ్ళు వాచాయని ఇంకా పైకి జరిపాను."

తిట్లు తినడానికి సిద్ధపడి తల వంచుకుంది. డాక్టరమ్మ తిట్టలేదు. దారాన్ని వేలితో తడిమి చూసింది.

"పనిలో ఉండగా ఎన్నిసార్లు బాత్రూముకి వెళుతుంది?"

"ఒకసారి. ఒక్కోరోజు అదీ లేదు."

"కాళ్ళ వాపు తాగిన నీళ్ళ వల్ల రాదమ్మా. ఈ నెలల్లో చాలామందికి వచ్చేదే. బీపీ చూశాను, బాగానే ఉంది. ఇక ఉమ్మనీరంటారా, ఈ నెలల్లో అది చాలావరకు బిడ్డ పోసిన మూత్రమే. బిడ్డ మింగుతుంది, పోస్తుంది, మళ్ళీ మింగుతుంది. తల్లి ఒంట్లో నీళ్ళు చాలకపోతే బిడ్డ కూడా పొయ్యడం తగ్గించేస్తుంది."

అంటే లోపల ఆ పసిది కూడా బిగబట్టుకుని కూర్చుంది. పుట్టకముందే మనవరాలినో మనవడినో తీసుకెళ్ళి నాలుగో లైనులో కూర్చోబెట్టింది తను.

"ఇదంతా నా మూలానేనా?" అంది.

"ఇదొక్కటే కారణమని చెప్పలేను. ఇది కాదనీ చెప్పలేను. సంచి మాత్రం కారట్లేదు, ఇప్పుడే చూశాను. మీరు చెప్పారు కాబట్టి రెండు రోజులు బాగా నీళ్ళు పట్టించి చూద్దాం. బిడ్డ గుండె చూస్తూనే ఉంటాం."

ఆ రెండు రోజులూ కూతురు ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. ఆమె గ్లాసు పట్టుకుని పక్కనే కూర్చుంది, బాత్రూముకి తప్ప కూతుర్ని మంచం దిగనివ్వలేదు.

"నేనేమన్నా గేదెనా అమ్మా, తొట్టి దగ్గర కట్టేసినట్టు ఇలా పట్టిస్తున్నావు!"

"మాట్లాడకుండా తాగు."

కూతురు తాగింది. గ్లాసు ఇచ్చేస్తూ, "నువ్వు చెప్పావని ఒక్కటే కాదులే. ఆ బిళ్ళ పట్టుకుని అందరి ముందూ నడవాలంటే నాకూ సిగ్గుగానే ఉండేది," అంది.

"నన్ను వెనకేసుకు రాకు. దాహమేస్తోందని మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ వద్దన్నాను. నాకు గుర్తుంది."

కూతురు తల్లి చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. లోపల ఎవరో పక్కకి ఒత్తిగిల్లారు. ఆమె చెయ్యి అక్కడ ఉంచలేక, గ్లాసు కడిగే వంకతో లేచిపోయింది.

మూడోనాడు మళ్ళీ స్కానింగు తీస్తే ఎనిమిది దాటింది. "ప్రస్తుతానికి గండం లేదు. పని మానేసి ఇంట్లో ఉండనీండి. వారం వారం తీసుకురండి," అంది డాక్టరమ్మ. కూతురు నవ్వింది. ఆమె నవ్వలేకపోయింది. కాన్పుకి ఇంకా నాలుగైదు వారాలున్నాయి, ఎనిమిది మళ్ళీ ఐదైతే?

మర్నాడు పనిలోకి వెళితే పక్క మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆమె సంచీలోంచి ఆ సీసానే తీసింది. తను వేసిన ముడి తనకే ఊడిరాలేదు. దారాలు కత్తిరించే చిన్న కత్తెరతో తెంచి, నీళ్ళన్నీ గటగటా తాగేసింది. గంట తిరక్కుండానే లేవాల్సి వచ్చింది. మేకు ఖాళీగా ఉంది. ఆమె వెళ్ళి బల్ల ముందు నిలబడింది.

"ఏం కంగారక్కా, ఇవాళ ఏ కొంప మునిగింది?" అన్నాడు గడియారం.

"బిళ్ళ కావాలి."

"వెళ్ళినావిడ రానీ. పోయి కూర్చో, కాలర్లు గుట్టపడుతున్నాయి."

"పడనీండి. వచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

అతను గడియారం చూసుకోవడం మర్చిపోయి ఆమె మొహం చూశాడు. దగ్గర్లో రెండు మూడు మిషన్లు ఆగాయి. ఆమె లైను వైపు తిరిగింది.

"మీ అందరికీ నీళ్ళు తాగొద్దని చెప్పింది నేనే. తప్పు చెప్పాను. మా పిల్లకి ఏం చేశానో వినండి," అని, సీసాకి దారం కట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

బిళ్ళ ఇంకా రాలేదు. ఆమె ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ చెబుతూనే ఉంది.